జన్యువు చేరింది, మొక్క మొలవాలి

సికింద్రాబాద్ మోండా మార్కెట్లో కూరగాయల వరస వెంట నడిస్తే చిక్కుడు కుటుంబం దాదాపు అంతా ఎదురవుతుంది. పందిరి చిక్కుడు, గోరుచిక్కుడు, ఫ్రెంచి బీన్స్, బొబ్బర కాయలు ఉంటాయి. చలికాలమైతే అనపకాయలు, పచ్చి కందికాయలు కూడా వస్తాయి. పక్కనున్న కిరాణా కొట్టుకెళ్తే కందిపప్పు, మినప్పప్పు, పెసరపప్పు, శనగపప్పు, వేరుశనగ గుళ్ళు. చూడటానికి వేరువేరుగా ఉన్నా వృక్షశాస్త్రంలో వీటన్నిటిదీ ఒకటే కుటుంబం, ఫాబేసీ. పొద్దున ఇడ్లీ పిండి మొదలు రాత్రి పప్పుచారు దాకా మన వంటిల్లు ఈ కుటుంబం మీదే నడుస్తుంది.

ఇంత దగ్గరి కుటుంబమే అయినా ప్రయోగశాలలోకి తీసుకెళ్తే మాత్రం ఇది మహా మొండిది. పొగాకు ఆకులో చిన్న ముక్క కోసి గాజుసీసాలో పెడితే కొన్ని వారాల్లో దాన్నుంచి పిలకలు పుట్టుకొస్తాయి. వరి గింజ నుంచి తీసిన కణాలూ అలాగే మొక్కలవుతాయి. కంది, మినుము, బీన్స్ దగ్గరికొచ్చేసరికి అదే సీసా, అదే ఆహారం, అదే వెలుతురు ఇచ్చినా ముక్క గోధుమరంగుకు తిరిగి అలాగే ఉండిపోతుంది. ఈ మొండితనం ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని వంచడానికి మన హైదరాబాద్‌లోనూ బయటి దేశాల్లోనూ ఏం చేశారు, ఇంకా ఏం చేయాలి అనేది ఈ ప్రసంగం విషయం. చాలా ఏళ్ళు వృక్షశాస్త్రం బోధించి, కణజాల వర్ధనం గదిలో చాలా పొద్దులు గడిపినవాణ్ణి కాబట్టి ఇది నాకు ఇష్టమైన విషయం, ఆందోళన కలిగించే విషయం కూడా.

ముందు, అసలు ఈ పని ఎందుకు? కంది పొలంలో పూత, కాయ దశలో పచ్చ పురుగు పడితే ఏమవుతుందో వికారాబాద్, నారాయణపేట రైతులకు నేను చెప్పనక్కరలేదు. అది కాయకు రంధ్రం చేసి, తల లోపలికి దూర్చి, గింజ తింటూ పోతుంది. మారుకా మచ్చల పురుగైతే పూలను, లేత కాయలను గూడులా అల్లి లోపల కూర్చుంటుంది. మందు కొట్టినా ఆ గూటి లోపలికి సరిగా చేరదు. మినుము, పెసరలో తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు ఉండనే ఉంది. చేను మొత్తం పసుపు తిరిగితే ఇక కాయలకు ఆశ వదులుకోవడమే.

వీటిలో కొన్నిటికి సంప్రదాయ ప్రజననమే మంచి జవాబు చెప్పింది. గుంటూరు దగ్గర లాం ఫారం నుంచి వచ్చిన కంది, మినుము రకాలు ఎన్ని జిల్లాలకు పాకాయో మనకు తెలుసు. సికింద్రాబాద్‌లో 219 నంబరు బస్సెక్కితే బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా పటాన్‌చెరు చేరతాం. అక్కడ 1972లో మొదలైన ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో ఎండు తెగులునూ, వెర్రి తెగులునూ తట్టుకునే ‘ఆశ’ రకం కంది వచ్చింది. ప్రపంచంలో వాణిజ్య సాగుకు వచ్చిన మొట్టమొదటి కంది హైబ్రిడ్ కూడా కె.బి. సక్సేనా బృందం చేతుల్లో అక్కడే తయారైంది. 2011లో రాజీవ్ వర్ష్‌నేయ్ నాయకత్వాన కంది జన్యుపటాన్ని చదివినప్పుడు తీసుకున్న రకం ఆ ‘ఆశ’ కందే.

అయితే పచ్చ పురుగు దగ్గర ప్రజననం ఆగిపోయింది. మనం సాగుచేసే కందిలో ఆ పురుగును గట్టిగా ఎదిరించే గుణం ఉన్న రకం దొరకలేదు. ఆ గుణం అడవి కందుల్లో ఉంది. కజానస్ స్కారబాయిడెస్ అనే అడవి కంది కాయల మీది నూగు, దాని రసాయనాలు పురుగును రానివ్వవు. దాంతో మన కందిని సంకరం చేయవచ్చు. కజానస్ ప్లాటికార్పస్ అనే మరో అడవి బంధువు మన కందితో మామూలుగా కలవదు. పుప్పొడి చల్లినా పిండం మధ్యలోనే చచ్చిపోతుంది. ఇక్రిశాట్‌లో నళిని మల్లికార్జున ఆ లేత పిండాన్ని చచ్చిపోకముందే కాయలోంచి తీసి, సీసాలో పోషకాలిచ్చి బతికించారు. పిండ రక్షణ అనే ఈ పద్ధతీ కణజాల వర్ధనమే. జన్యుమార్పిడి అనగానే భయపడేవారు కూడా దీన్ని కాదనరు. నా దృష్టిలో కంది మీద జరిగిన పనుల్లో అందమైనవాటిలో ఇదొకటి.

సంకరంతో రాని గుణాన్ని నేరుగా కణంలోకి చేర్చడం రెండో దారి. దీన్ని కొంచెం నెమ్మదిగా చెబుతాను.

మొక్కలోని ప్రతి బతికున్న కణానికీ మొత్తం మొక్కగా ఎదగగల శక్తి ఉంటుందని 1902లోనే హేబర్లాండ్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఊహించాడు. ఆయన ప్రయోగాలు మాత్రం ఫలించలేదు. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్కూగ్, మిల్లర్ ఇద్దరూ కలిసి ఆ తాళం తీశారు. మొక్కల్లో ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు రకాల హార్మోన్లుంటాయి. పొగాకు కణాలకు ఇచ్చే ఆహారంలో ఆక్సిన్ ఎక్కువైతే వేళ్ళు వచ్చాయి, సైటోకైనిన్ ఎక్కువైతే చిగుళ్ళు వచ్చాయి, రెండూ సమానంగా ఉంటే ఏ ఆకారమూ లేని కణాల ముద్ద పెరిగింది. ఆ ముద్దనే కాలస్ అంటాం. 1962లో మురాషిగె, స్కూగ్ తయారుచేసిన లవణాల మిశ్రమాన్ని ఇప్పటికీ లోకంలో ప్రతి టిష్యూ కల్చర్ గదిలోనూ కలుపుతున్నారు.

ఇక జన్యువును లోపలికి చేర్చేది ఎవరు? అగ్రోబ్యాక్టీరియం అనే నేల బాక్టీరియా. మొక్క మొదట్లో గాయం ఉంటే ఇది అక్కడ చేరి, తన డీఎన్ఏలో ఒక ముక్కను మొక్క కణంలోకి పంపి, అక్కడ గడ్డ పుట్టిస్తుంది. ఈ సంగతి 1977లో మేరీ డెల్ చిల్టన్ బృందం రుజువు చేసింది. గడ్డ పుట్టించే జన్యువులు తీసేసి, వాటి స్థానంలో మనకు కావలసిన జన్యువు పెడితే బాక్టీరియా దాన్నే మోసుకెళ్తుంది. రెండో పద్ధతిలో సూక్ష్మమైన బంగారం లేదా టంగ్‌స్టన్ రేణువులకు డీఎన్ఏ పూసి, జీన్ గన్‌తో కణాల్లోకి కొడతారు.

ఇంతవరకు వింటే పని తేలికగానే అనిపిస్తుంది. నిజానికి పప్పు జాతుల్లో కూడా జన్యువు కణంలోకి చేరడం అంత కష్టం కాదు. నీలిరంగు ఇచ్చే గస్ జన్యువు పెట్టి చూస్తే, కోసిన కంది ముక్క అంచు వెంట నీలి చుక్కలు బాగానే కనిపిస్తాయి. విద్యార్థులు ఆ చుక్కలు చూసి ఎంత సంబరపడతారో నాకు తెలుసు. ఆ చుక్క మొక్క అయితేనే కదా ఫలితం. జన్యువును అందుకునే కణాలు సాధారణంగా కోత అంచున, పైపొరల్లో ఉంటాయి. చిగురు పుట్టించే కణాలు బీజదళం మొక్కకు అతుక్కునే కణుపు లోపల, కొంచెం లోతులో ఉంటాయి. ఉత్తరం ఒక ఇంటికి చేరితే జవాబు పక్కింటి నుంచి వచ్చినట్టుంటుంది వ్యవహారం. జన్యువు అందుకున్న కణం పెరగదు, పెరిగిన కణంలో జన్యువు ఉండదు. ఈ రెండూ ఒకే కణంలో జరిగేలా చూడటమే ఈ రంగంలో అసలు సమస్య. మిగతావన్నీ దీని తర్వాతవే.

దీనికి మరికొన్ని చిక్కులు తోడవుతాయి. పప్పు మొక్కల కణజాలాన్ని కోయగానే ఫినాలిక్ రసాయనాలు ఊరి, గాలి తగిలి నల్లబడతాయి. వంకాయ కోసి పక్కన పెడితే జరిగే చర్యే ఇదీ. ఆ నలుపు చుట్టూ ఉన్న కణాలకు విషమవుతుంది. అందుకే ఆస్కార్బిక్ ఆమ్లంలాంటివి కలపడం, త్వరత్వరగా కొత్త సీసాలోకి మార్చడం తప్పదు. ఇక జన్యువు చేరని కణాలను చంపడానికి ఆహారంలో కనామైసిన్ కలుపుతారు. పప్పు జాతుల్లో కొన్ని కణాలు ఆ మందును సహజంగానే కొంత తట్టుకుంటాయి. అంటే పచ్చగా నిలిచిన చిగుళ్ళన్నీ మనం కోరుకున్నవే కావు. ఒకే చిగురులో సగం కణాల్లో జన్యువుండి, సగం కణాల్లో లేకపోవడమూ జరుగుతుంది. దాన్ని కైమెరా అంటారు. అలాంటి మొక్క పూసి కాసినా, గింజలోకి ఆ గుణం చేరకపోవచ్చు. చివరికి అన్నీ బాగున్న చిగురుకు వేళ్ళు రావు. శనగలో ఈ బాధ మరీ ఎక్కువ కాబట్టి, సీసాలో పుట్టిన చిగురును వేరే శనగ నారు మీద అంటుకట్టి బతికిస్తారు. వేలికొన అంత చిగురును మొలక మీద బ్లేడుతో చీల్చి కూర్చోబెట్టడం ఎంత నేర్పు కావలసిన పనో చేసినవారికే తెలుస్తుంది.

వీటన్నిటికన్నా పెద్ద ఇబ్బంది రకాన్ని బట్టి ఫలితం మారడం. ఒక రకం కందిలో చక్కగా పనిచేసిన పద్ధతి పక్క రకంలో పనిచేయదు.

ఇక్కడ మన నగరంలో జరిగిన పనిని చెప్పాలి. ఇక్రిశాట్‌లో కె.కె. శర్మ, వి. అంజయ్య 2000లో వేరుశనగకు ఒక పద్ధతి ప్రచురించారు. ఎండు గింజలోంచి పిండాన్ని తీసేసి, మిగిలిన బద్దను నిలువుగా చీల్చి వాడారు. మనం పప్పుబద్ద అంటామే, ఆ బద్దే బీజదళం. పిండం అతుక్కుని ఉండిన కొస దగ్గర, కోత అంచున, కాలస్ దశ లేకుండా నేరుగా చిగుళ్ళు వచ్చాయి. అగ్రోబ్యాక్టీరియం చేరేదీ ఆ అంచుకే. నేను చెప్పిన రెండు కణాల ఎడబాటు ఇందులో బాగా తగ్గిపోయింది. అందుకే ఆ పద్ధతి తర్వాతి పనులన్నిటికీ పునాది అయింది. 2003లో అదే బృందం కందిలో మరో దారి చూపింది. మొలకెత్తి నాలుగైదు రోజులైన నారు నుంచి లేత ఆకును కాడతో సహా తీసి, కాడ కోసిన కొస నుంచి చిగుళ్ళు రప్పించారు. 2006లో పచ్చ పురుగును చంపే బీటీ జన్యువు క్రై1ఏబీని కందిలో పెట్టిన ఫలితాలు ప్రచురించారు. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క నుంచి తీసిన డ్రెబ్1ఏ జన్యువుతో నీటి ఎద్దడిని తట్టుకునే వేరుశనగ కోసమూ అక్కడ కృషి జరిగింది.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పి.బి. కీర్తి బృందం ఆవ మొక్కలోని డిఫెన్సిన్ జన్యువును వేరుశనగలో పెట్టి, శిలీంధ్ర తెగుళ్ళను మొక్క బాగా తట్టుకుంటోందని 2008లో చూపింది. సికింద్రాబాద్‌కు ఇంకా దగ్గర, సీతాఫల్‌మండి దాటగానే వచ్చే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్ర విభాగం కొన్ని దశాబ్దాలుగా కణజాల వర్ధనంలో విద్యార్థులను తయారుచేస్తోంది. దేశంలో ఎక్కడి టిష్యూ కల్చర్ గదికి వెళ్ళినా తార్నాక, గచ్చిబౌలి, పటాన్‌చెరుల్లో చేయి తిరిగినవారు కనిపిస్తారు. ఇది ఈ జంటనగరాల గొప్ప ఆస్తి. మనం దీన్ని తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం.

పొరుగు రాష్ట్రంలో బెంగళూరు శాస్త్రవేత్తలు మరో దారి పట్టారు. సీసాలే వద్దనుకున్నారు. మొలకెత్తుతున్న గింజలో పిండాన్ని సూదితో పొడిచి, అగ్రోబ్యాక్టీరియం ద్రావణంలో ముంచి, అలాగే మట్టిలో నాటారు. రోహిణి, శంకరరావు 2000లో వేరుశనగలో ఈ పద్ధతి ప్రచురించారు. తర్వాత కందికీ దీన్ని వాడారు. ఇందులో మొదటి తరం మొక్కలు ఎక్కువగా కైమెరాలే అవుతాయి. వాటి గింజలు వేసి, తర్వాతి తరంలో ఏ మొక్కకు జన్యువు వచ్చిందో వందల నారు మధ్య వెతుక్కోవాలి. అయినా మొక్క పుట్టించే కష్టం లేదు, రకం ఏదైనా ఫరవాలేదు. చిన్న కళాశాలకు కూడా అందుబాటులో ఉండే పద్ధతి ఇది.

మరి ఇంత పని జరిగితే బీటీ కంది పొలానికి ఎందుకు రాలేదని మీరు అడగవచ్చు. భారతదేశంలో జన్యుమార్పిడి పంటల్లో 2002లో వచ్చిన బీటీ పత్తి ఒక్కటే వాణిజ్య సాగులో ఉంది. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆపేసింది. పప్పు పంటల్లో ఒక్కటీ రాలేదు. అనుమతులు కష్టమవడం ఒక కారణం. రెండో కారణం గురించి తక్కువగా మాట్లాడతారు. జన్యువు డీఎన్ఏలో ఎక్కడ అతుక్కుంటుందో మన చేతిలో ఉండదు. ఒక మొక్కలో బాగా పనిచేస్తుంది, మరో మొక్కలో మూగబోతుంది. అందుకే వందల మొక్కలు పుట్టించి, వాటిలో ఒక మంచిదాన్ని ఏరుకోవాలి. పుట్టేవే పది పన్నెండయితే ఏరుకోవడానికి ఏముంటుంది?

దీనికి నిదర్శనం బ్రెజిల్ బీన్స్ కథ. మనకు కందిపప్పు ఎలాగో వాళ్ళకు బీన్స్ గింజలు అలాగ. అక్కడ తెల్లదోమ మోసే గోల్డెన్ మొజాయిక్ వైరస్ చేలను పసుపు చేస్తుంది. మన మినుము, పెసర చేలను పాడుచేసే పల్లాకు తెగులు వైరస్ కూడా ఆ బెగోమోవైరస్ జాతిదే. బీన్స్‌లో జన్యుమార్పిడి సాధ్యమేనని 1993లో అమెరికాలో చూపినప్పుడు విజయం 0.03 శాతం, అంటే పదివేల ముక్కలకు మూడు మొక్కలు. బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాలో ఫ్రాన్సిస్కో అరగావ్, జోసియాస్ ఫరియా ఆ అంకెను చూసి వెనక్కి తగ్గలేదు. గింజలోని పిండం తీసి, దాని చిట్టి ఆకులు ఒలిచి, కొన మొగ్గను బయటపెట్టి, దాని మీద రేణువులు కొట్టారు. కనామైసిన్‌కు బదులు ఇమజాపైర్ అనే కలుపుమందు వాడారు. ఇది మొక్కలో ప్రయాణించి కొన మొగ్గలోనే పేరుకుంటుంది. కాబట్టి చిగురు పుట్టే చోటనే ఏరివేత జరుగుతుంది. అసలు సమస్యను పట్టుకుని సరిగ్గా దాని మీదనే కొట్టిన దెబ్బ ఇది.

వైరస్ జన్యువులోని ఒక భాగాన్ని మూయించే ఆర్ఎన్ఏ పద్ధతితో 2007లో వాళ్ళు ప్రచురించిన పనిలో 18 వంశాలు వచ్చాయి. వాటిలో 5.1 అనే ఒక్కటే గట్టిగా నిలిచింది. దాని మొక్కల్లో సుమారు 93 శాతానికి తెగులు లక్షణాలే కనిపించలేదు. 2011 సెప్టెంబరులో బ్రెజిల్ దానికి అనుమతి ఇచ్చింది. ఏ బహుళజాతి కంపెనీ చేయీ లేకుండా, ప్రభుత్వ సంస్థ ఒక్కటే మొదటి నుంచి చివరి దాకా చేసిన పని అది. పద్దెనిమిదిలో ఒకటి అన్న అంకెను దయచేసి గుర్తుపెట్టుకోండి. వాళ్ళు మూడు వంశాలతో ఆగిపోయి ఉంటే 5.1 పుట్టేదే కాదు.

ఆఫ్రికాలో నైజీరియా కథ మనకు ఇంకా దగ్గర. అక్కడి బొబ్బర్లను తినేది మన మారుకా పురుగే. ఆస్ట్రేలియాలో టి.జె. హిగ్గిన్స్ బృందం బొబ్బర్ల జన్యుమార్పిడి పద్ధతిని 2006లో ప్రచురించింది. వెయ్యి ముక్కలకు దాదాపు ఒక్క పూర్తి మొక్క వచ్చింది. అంత తక్కువైనా పద్ధతి నమ్మకమైనది కాబట్టి, ఎంత పని చేస్తే ఎన్ని మొక్కలొస్తాయో లెక్కవేసుకోగలిగారు. నైజీరియాలోని జారియా వ్యవసాయ పరిశోధన సంస్థ ఆ మొక్కలను స్థానిక రకాలతో సంకరం చేసి, పొలాల్లో ఏళ్ళతరబడి పరీక్షించింది. 2019లో సాంపీ 20-టి అనే రకానికి అక్కడ ఆమోదం దొరికింది.

జాగ్రత్త నేర్పిన కథ కూడా ఒకటుంది. బీన్స్‌లో ఉండే ఒక ప్రోటీన్ జన్యువును ఆస్ట్రేలియాలో బఠాణీలో పెడితే పెంకు పురుగు పట్టడం మానింది. 2005లో ఆ బఠాణీ తిన్న ఎలుకల్లో రోగనిరోధక ప్రతిస్పందన కనిపించడంతో ఆ పనిని ఆపేశారు. తర్వాత 2013లో వచ్చిన మరో అధ్యయనంలో మామూలు బీన్స్ తిన్న ఎలుకల్లో కూడా అలాంటి ప్రతిస్పందనే ఉందని తేలింది. మొదట ఆపడం సరైనదే, తర్వాత మళ్ళీ పరీక్షించడమూ సరైనదే. జన్యుమార్పిడి పంటలన్నీ మంచివని గానీ, అన్నీ చెడ్డవని గానీ నేను అనను. దేనికదే పరీక్షించాలి, ఆ ఫలితాలు జనం ముందు పెట్టాలి.

ఇప్పుడు ఈ చర్చకు కొత్త తొందర వచ్చింది. బయటి జన్యువు పెట్టకుండా, మొక్క సొంత జన్యువులోనే చిన్న మార్పు చేసే జన్యు సవరణ పద్ధతి వచ్చాక, బయటి డీఎన్ఏ మిగలని అలాంటి మొక్కలకు 2022 మార్చిలో మన ప్రభుత్వం నిబంధనలు చాలావరకు సడలించింది. 2025 మే నెలలో రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. వాటిలో ‘కమల’ రకం మన రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో, మనందరికీ ఇష్టమైన సాంబా మసూరి నుంచి పుట్టింది. అందులో సవరించినది సైటోకైనిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ జన్యువు. ఆ ఎంజైమ్ తగ్గితే వెన్నులో సైటోకైనిన్ నిలిచి గింజలు పెరుగుతాయి. స్కూగ్, మిల్లర్ సీసాలో చూసిన ఆ హార్మోనే ఇక్కడ వరి వెన్నులో పనిచేసింది.

వరిలో ఇది సాధ్యమైంది, ఎందుకంటే వరి కణం నుంచి మొక్క పుట్టించడం ఎప్పుడో చేతికొచ్చింది. కందికి జన్యుపటం 2011 నుంచే ఉంది. ఏ జన్యువును సవరించాలో శాస్త్రవేత్తలకు తెలుస్తోంది. సవరించే కత్తెర ఉంది, చట్టం కూడా దారిచ్చింది. లేనిదల్లా సవరించిన కణం నుంచి నమ్మకంగా మొక్కను పుట్టించే పద్ధతి. ఇంతకాలం చిన్న సాంకేతిక ఇబ్బందిగా చూసిన ఈ పని ఇప్పుడు మొత్తం దారికి అడ్డంగా నిలబడింది.

దీనికి లోకంలో కొత్త ఆలోచనలు వస్తున్నాయి. పిండాన్నీ చిగురునూ పుట్టించే జన్యువులను తాత్కాలికంగా మేల్కొలిపితే, మొండి కణం కూడా మొక్కవుతుందని 2016లో మొక్కజొన్నలో చూపారు. 2020లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు జీఆర్ఎఫ్, జీఐఎఫ్ అనే రెండు ప్రోటీన్లను కలిపి గోధుమలో మొక్కలు రావడాన్ని ఎన్నో రెట్లు పెంచారు. ఆ జన్యువులు పని అయ్యాక ఆగకపోతే మొక్క వంకర తిరుగుతుంది కాబట్టి, వాటిని నిద్రపుచ్చే ఏర్పాటు కూడా ఉండాలి. పప్పు జాతుల్లో వీటిని ఓపికగా పరీక్షించే పనికి మన హైదరాబాద్ కన్నా తగిన చోటు నాకు కనిపించదు. విత్తనాలు ఇక్కడే ఉన్నాయి, జన్యుపటం ఇక్కడే తయారైంది, చేయి తిరిగినవారూ ఇక్కడే ఉన్నారు.

దీన్ని ప్రైవేటు కంపెనీలు చేస్తాయని ఎదురుచూడటం తప్పు. కంది, మినుము రైతు తన పంట గింజనే దాచుకుని మళ్ళీ వేసుకుంటాడు. ఏటా విత్తనం అమ్ముడుపోని పంట మీద కంపెనీ డబ్బు ఎందుకు పెడుతుంది? పప్పుల దిగుమతి 2024-25లో 70 లక్షల టన్నులు దాటింది. కంది, మినుము, మసూరుల కోసం కేంద్రం 2025 బడ్జెట్లో ఆరేళ్ళ మిషన్ ప్రకటించింది. అందులో విత్తనం, కొనుగోలు, గిడ్డంగులతో పాటు ఈ ప్రయోగశాల పనికీ చోటివ్వాలి. ప్రాజెక్టు మూడేళ్ళలో ముగిసిపోయి, పని నేర్చుకున్న పిల్లలు వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోతే, తర్వాత వచ్చినవాళ్ళు మొదటి సీసా నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది. ఈ పనికి పదేళ్ళు ఆగకుండా నిధులు కావాలి.

శాస్త్రవేత్త మిత్రులకు రెండు విన్నపాలు. ప్రయోగశాలకు తేలికగా లొంగే రకాలతో సరిపెట్టుకోకండి. లాం ఎల్ఆర్‌జీ 41ను, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని సీసాలోకి తీసుకోండి. రైతు పొలంలో ఉన్నవి అవే. పని చేయని పద్ధతులనూ ప్రచురించండి. పక్క ప్రయోగశాల అదే దారిలో మళ్ళీ రెండేళ్ళు పోగొట్టుకోకుండా ఉంటుంది.

సికింద్రాబాద్, హైదరాబాద్ కళాశాలల్లో బోటనీ, జన్యుశాస్త్రం చదువుతున్న పిల్లలకు నా మాట ఒకటే. ఈ పనికి ఖరీదైన యంత్రాల కన్నా శుభ్రమైన చేయి, చూసే కన్ను, నెలల తరబడి ఓర్పు కావాలి. ఇవి మీ దగ్గర ఉన్నాయి. మీ అధ్యాపకులను అడిగి, ఒక కంది గింజను శుద్ధి చేసి, బద్ద విడదీసి, సీసాలో పెట్టడంతో మొదలుపెట్టండి. ఏ రకం, ఏ ముక్క, ఏ రోజున కోశారు, ఎన్ని చిగుళ్ళు వచ్చాయి అన్నీ నోటుపుస్తకంలో రాయండి. మన కందికి, మన మినుముకు ఇప్పుడు మీలాంటివారు చాలామంది కావాలి. రండి.